సింక్ కింద తలుపు: ఇల్లు అమ్మేముందు వంటగదికి ఎంత ఖర్చు పెట్టాలి?

ఇల్లు చూడటానికి వచ్చినవాళ్లు హాల్లో రెండు నిమిషాలు నిలబడతారు, పడగ్గదుల్లోకి తొంగి చూస్తారు. వంటగదిలోకి వచ్చేసరికి మాత్రం చేతులు ఊరుకోవు. కొళాయి తిప్పుతారు, డ్రాయరు లాగుతారు, వంగి సింక్ కింద తలుపు తీస్తారు. లోపల అడుగు చెక్క ఉబ్బిపోయి, అంచుల దగ్గర పొరలు విడిపోయి, పైపు జాయింట్ కింద చుక్కలు పట్టడానికి ఒక పాత ప్లాస్టిక్ డబ్బా పెట్టి ఉంటే వాళ్లు పైకి ఏమీ అనరు. తలుపు మెల్లగా మూసేస్తారు. అప్పటిదాకా ‘గాలీ వెలుతురూ బాగున్నాయి’ అన్నవాళ్లు అక్కణ్నించి ధర గురించి మాట్లాడటం మొదలుపెడతారు.

అమ్మేముందు వంటగది మార్పించాలా వద్దా అన్న ప్రశ్నకి జవాబు చాలావరకు ఆ డబ్బా దగ్గరే దొరుకుతుంది. వంటగది పాతబడటం వేరు, అనుమానం పుట్టించడం వేరు. ఈ రెండూ ఒకటే అనుకోవడం వల్ల కొందరు ఉన్నదంతా పీకించి కొత్తది కట్టిస్తారు, ఇంకొందరు ‘కొన్నవాళ్లే చూసుకుంటారులే’ అని కారే కొళాయిని కూడా కారనిస్తూనే ఇంటిని అమ్మకానికి పెడతారు. మొదటివాళ్ల డబ్బు మేస్త్రీ దగ్గర పోతుంది, రెండోవాళ్లది బేరంలో పోతుంది.

బేరంలో ఎలా పోతుందో కొంచెం నిదానంగా చూడాలి, ఎందుకంటే అసలు లెక్కంతా ఇక్కడే ఉంది. కారుతున్న పైపు జాయింట్ బాగుచేయడానికి అయ్యే ఖర్చు 1 అనుకుందాం. ఇంటి ఓనరుకి అది 1 అని తెలుసు, ఎందుకంటే ఆ పైపు ఎప్పట్నుంచి కారుతోందో, గోడలోకి చెమ్మ ఎక్కిందో లేదో ఆయన రోజూ చూస్తున్నాడు. చూడటానికి వచ్చినవాళ్లకి అవేవీ తెలియవు. వాళ్లకి కనిపించేది ఉబ్బిన చెక్క ఒక్కటే. దాన్ని చూసి పైపులన్నీ ఇలాగే ఉన్నాయేమో, గోడ లోపల నీరు దిగిందేమో, కింది అంతస్తువాళ్లతో గొడవ ఉందేమో అని ఒకదాని వెనక ఒకటి ఊహించుకుంటూ పోతారు. చివరికి తగ్గించమని అడిగేది 1 కాదు, 4 కావచ్చు, 5 కావచ్చు. ఒక్కోసారి ఏమీ అడక్కుండా వెళ్లిపోయి మళ్లీ ఫోన్ చేయరు, అది అన్నిటికంటే ఖరీదు. జార్జ్ ఏకర్లాఫ్ అనే ఆర్థికవేత్త 1970లో సెకండ్‌హ్యాండ్ కార్లని ఉదాహరణగా తీసుకుని చెప్పిన విషయం ఇదే: సరుకు లోపాలు అమ్మేవాడికి తెలిసి కొనేవాడికి తెలియనప్పుడు, కొనేవాడు మంచి సరుక్కి కూడా మంచి ధర ఇవ్వడానికి జంకుతాడు. ఆ పరిశోధనకి 2001లో ఆయనకి నోబెల్ కూడా వచ్చింది. కార్లకి చెప్పింది సింక్ కింద అల్మరాకి కూడా అక్షరాలా వర్తిస్తుంది.

అంటే 1 ఖర్చుపెట్టి 4 కోత ఆపగలిగే పనులు కొన్ని ఉంటాయి. అవి కళ్లు మూసుకుని చేయించేయాలి. ఇంకొన్ని పనులుంటాయి, 10 పెడితే 4 మాత్రమే తిరిగొచ్చేవి. అందమైన పనులన్నీ దాదాపు ఈ రెండో రకంలోనే ఉంటాయి.

దీనికి కాస్త ఆధారం కూడా ఉంది. అమెరికాలో ‘కాస్ట్ వర్సెస్ వాల్యూ’ పేరుతో ఏటా ఒక లెక్క వస్తుంది, ఇంట్లో ఏ పనికి ఎంత ఖర్చవుతుంది, అమ్మేటప్పుడు అందులో ఎంత తిరిగొస్తుంది అని. 2024 లెక్కలో అల్మరాల డబ్బాలు అలాగే ఉంచి తలుపులు, పిడులు, గట్టు పైభాగం, సింక్, కొళాయి లాంటివి మార్చే చిన్న పనికి పెట్టిన ఖర్చులో సుమారు 96 శాతం తిరిగొస్తుందని తేలింది. మొత్తం వంటగదిని మధ్యరకంగా కొత్తగా చేయిస్తే దాదాపు సగం. ఖరీదైన రాయి, ఆర్డరిచ్చి చేయించిన అల్మరాలు, పెద్ద సామాన్లతో హంగుగా చేయిస్తే 38 శాతమే. ఈ అంకెల్ని శిలాశాసనంలా తీసుకోనక్కర్లేదు, ఎందుకంటే తిరిగొచ్చే విలువ అక్కడ నిజంగా అమ్ముడైన ఇళ్ల నుంచి లెక్కగట్టింది కాదు, ఇళ్ల వ్యాపారంలో ఉన్నవాళ్లని అడిగి వేసిన అంచనా. పైగా అది ఒక దేశపు సగటు. అయినా అందులో కనిపించే తీరు మాత్రం ఎక్కడికైనా నప్పేదే: ఖర్చు పెరిగేకొద్దీ తిరిగొచ్చే వాటా తగ్గుతూ పోతుంది. ఇంకో మాట, అంత బాగా తిరిగొచ్చే చిన్న పనికి కూడా ఆ ఏడాది 100 దాటలేదు. వంటగది మీద పెట్టి లాభం తీద్దామనుకునేవాళ్లు ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకుంటే చాలు.

హంగుకి ఎందుకు డబ్బు రాదంటే, పుర్రెకో బుద్ధి కాబట్టి. అమ్మేవాళ్లు ఎంతో ఆలోచించి ఎంచుకున్న ముదురు నీలం అల్మరాలు చూసి కొనేవాళ్లు ‘వీటిని ఎప్పుడు పీకించాలా’ అనుకుంటారు. కొత్తగా వేసిన రాయిని పీకించాలంటే మనసొప్పదు, ఉంచుకోవాలంటే నచ్చదు, అలాంటి ఇల్లు కంటే నిజంగా పాత వంటగది ఉన్న ఇల్లే నయమనుకునేవాళ్లు చాలామంది. పాతదైతే తమకి నచ్చినట్టు మార్చుకోవచ్చు, పైగా పాతదని చెప్పి ధర తగ్గించమనొచ్చు. ఇద్దరి అభిరుచికీ మధ్యలో మీ డబ్బు నలిగిపోతుంది.

ఓనరుకి ఇది కనపడకపోవడానికి ఇంకో కారణం ఉంది. 1990లో డేనియల్ కానెమన్, జాక్ నెట్ష్, రిచర్డ్ థేలర్ అనే పరిశోధకులు అచ్చువేసిన ఒక ప్రయోగంలో కొందరు విద్యార్థులకి కాఫీ మగ్గులు ఇచ్చి, అమ్మితే ఎంతకి అమ్ముతారని అడిగారు. మగ్గు లేనివాళ్లని ఎంతకి కొంటారని అడిగారు. చేతిలో మగ్గు ఉన్నవాళ్లు అడిగిన ధర, కొనేవాళ్లు ఇస్తామన్న ధరకి రెట్టింపు దాకా ఉంది. కాసేపటి క్రితం చేతికొచ్చిన మగ్గు మీదే అంత మమకారం ఉంటే, నెల రోజులు దుమ్ములో బతికి, మేస్త్రీతో పోట్లాడి, టైల్స్ కోసం పది షాపులు తిరిగి చేయించుకున్న వంటగది మీద ఎంత ఉంటుందో చెప్పక్కర్లేదు. ఆ పడ్డ పాట్లు కూడా ఓనరు ధరలో కలిపేస్తాడు. కొనేవాళ్లకి ఆ పాట్లతో ఏం పని?

ఇక చుట్టుపక్కల ఇళ్ల సంగతి. ప్రతి వీధికీ, ప్రతి అపార్ట్‌మెంటుకీ ఒక పైకప్పు ధర ఉంటుంది, అంతకు మించి అక్కడ ఎవరూ ఇవ్వరు. అంత పెట్టగలిగినవాళ్లు ఇంకాస్త మంచి చోట కొనుక్కుంటారు కాబట్టి. మీ ఇల్లు ఇప్పటికే ఆ ధరకి దగ్గర్లో ఉంటే వంటగదిలో పాలరాయి పరిచినా పెద్దగా పెరిగేదేమీ ఉండదు. ఇదే తిరగేసి చూస్తే, ఇరుగుపొరుగు ఇళ్లన్నిట్లో వంటగదులు చక్కగా ఉండి మీదొక్కటే ముప్ఫై ఏళ్ల నాటిదైతే, వాళ్లకి సమానంగా నిలబడేదాకా పెట్టే ఖర్చు వృథా పోదు. వాళ్లని దాటిపోవడానికి పెట్టేదే వృథా. కాబట్టి కేటలాగు తిరగేయడానికి ముందు ఈమధ్య దగ్గర్లో అమ్ముడైన మూడు నాలుగు ఇళ్ల ఫోటోలు, అవి నిజంగా ఎంతకి పోయాయో ఆ ధరలు పక్కపక్కన పెట్టుకుని చూడటం మంచిది. అడిగిన ధరలతో పనిలేదు, అడగడానికి ఎవరైనా ఎంతైనా అడుగుతారు.

సరే, కళ్లు మూసుకుని చేయించాల్సిన పనులేంటి? నీటితో మొదలుపెట్టాలి. కారే జాయింట్లు, వదులైన కొళాయి, నెమ్మదిగా పోయే సింక్ నీళ్లు, వీటిలో ఏదీ మిగలకూడదు. సింక్ అంచుకీ గట్టుకీ మధ్య ఉండే సిలికాన్ నల్లబడితే పైన ఇంకో పొర పూయకండి, పాతది బ్లేడుతో పూర్తిగా గీకేసి, తుడిచి, ఆరనిచ్చి కొత్తది వేయించండి. పాతదాని మీద వేసిన సిలికాన్ సరిగ్గా అతుక్కోదు, కొన్నాళ్లకి అంచు లేస్తుంది, లోపల నలుపు మళ్లీ బయటికొస్తుంది. సింక్ కింద ఉబ్బిన చెక్క సంగతీ అంతే. పార్టికల్ బోర్డు, ఎండీఎఫ్ లాంటివి చెక్క పొట్టునో పీచునో జిగురుతో కలిపి ఒత్తి చేసిన పలకలు. అంచు పట్టీ ఊడిన చోట నీళ్లు పీల్చి ఉబ్బితే, ఆరాక కూడా మళ్లీ మామూలు మందానికి రావు. దాని మీద షీటు అతికించి దాచడం కంటే ఆ ఒక్క పలకని తీసి, నీటికి తట్టుకునే ప్లైవుడ్ ముక్క వేయించడం చవకా, నయమూ. ఇదంతా ఒక కార్పెంటరు పూట పని.

ఆ తర్వాత చేతికి తగిలేవి. వేలాడే తలుపు, మూయగానే మళ్లీ తెరుచుకునేది, లాగితే సగంలో ఆగే డ్రాయరు, ఇవి చిన్నవే కానీ వచ్చినవాళ్ల చేతికి నేరుగా తెలుస్తాయి. చాలావరకు ఇప్పటి అల్మరా తలుపులకి లోపలివైపు గుండ్రటి కప్పు ఉండే కీళ్లు వాడతారు, ఆ కప్పు కోసం తొలిచే గుంత ఎక్కువగా 35 మిల్లీమీటర్లదే. అందుకే పాత కీలు తీసి అదే గుంతలో కొత్తది, మెల్లగా మూసుకునే రకం కూడా, బిగించడం కుదురుతుంది. ఒక్కోసారి అదీ అక్కర్లేదు, కీలు మీద ఉండే మరలు స్క్రూడ్రైవరుతో అటూఇటూ తిప్పితే వంకర పోయిన తలుపు సరిగ్గా వచ్చేస్తుంది. గోరుతో పోయేదానికి గొడ్డలెందుకు? పిడులు మార్చేటప్పుడు మాత్రం పాత రంధ్రాల మధ్య దూరం కొలుచుకుని కొనాలి, లేకపోతే ప్రతి తలుపుకీ ఒక చిల్లు కనపడుతూ ఉండిపోతుంది.

జిడ్డు గురించి ఎక్కువ చెప్పేదేం లేదు, తుడవాలి. ఎగ్జాస్ట్ జాలీ, పొయ్యి వెనక టైల్స్, అల్మరాల పైభాగం. టైల్స్ సందులు నల్లబడితే గీకించి కొత్త గ్రౌట్ పెట్టిస్తే చాలు, టైల్స్ మార్చినంత తేడా కనిపిస్తుంది.

వెలుతురు మాత్రం చాలామంది పట్టించుకోని విషయం. గది మధ్యలో ఒకటే లైటు ఉంటే గట్టు దగ్గర నిలబడ్డ మనిషి నీడ గట్టు మీదే పడుతుంది, వంటగది ఉన్నదానికంటే ఇరుగ్గా, మురిగ్గా కనిపిస్తుంది. పై అల్మరాల కింద సన్నటి ఎల్‌ఈడీ పట్టీలు వేస్తే ఆ నీడ పోతుంది. లైటు పసుపుగా ఉంటుందా తెల్లగా ఉంటుందా అని చెప్పే కొలతని కెల్విన్ అంటారు, 3000 నుంచి 4000 కెల్విన్ మధ్య ఏదో ఒకటి ఎంచుకుని గదంతా అదే వాడాలి, ఒకచోట పసుపు ఒకచోట నీలం కలిస్తే చౌకబారుగా ఉంటుంది. రంగుల్ని ఉన్నవి ఉన్నట్టు చూపించే గుణాన్ని సీఆర్‌ఐ అంటారు, డబ్బా మీద అది 90 లేదా ఆ పైన ఉన్న బల్బు తీసుకుంటే చెక్క చెక్కలా, రాయి రాయిలా కనిపిస్తాయి.

పెయింట్ కొంచెం జాగ్రత్తగా చూసుకోవాల్సిన వ్యవహారం. లేత రంగు పెయింట్ చవకలో వచ్చే పెద్ద మార్పు, నిజమే. కానీ చెమ్మ పట్టిన గోడకి కారణం వెతక్కుండా పైన రంగు వేయించి, మర్నాడే జనాన్ని పిలిస్తే, ఆ వాసనకి అనుమానం రెట్టింపవుతుంది. ఇల్లంతటికీ ఆ ఒక్క గోడకే ఎందుకు వేయించారు అని అడుగుతారు. పైన పటారం లోన లొటారం అని తెలిసిన రోజు వంటగది గురించే కాదు, ఇంటి గురించి మీరు చెప్పిన ఏ మాటా నమ్మరు. తెలిసిన లోపాల్ని కొనేవాళ్లకి చెప్పి తీరాలని చాలాచోట్ల చట్టమే ఉంది, దాచి అమ్మితే తర్వాత అది మళ్లీ మీ మెడకే చుట్టుకుంటుంది. అల్మరాలకి వేసే ఎనామిల్ చేతికి అంటకుండా ఒక రోజులో ఆరినా, పూర్తిగా గట్టిపడటానికి వారాలు పడుతుంది. ఈలోపు గోరు తగిలినా గీత పడుతుంది. అందుకని రంగు పనిని ఫోటోలు తీయించేదానికి నెల ముందే ముగించుకుంటే టెన్షన్ ఉండదు.

పెద్ద పని నిజంగా అవసరమయ్యే సందర్భాలు కూడా లేకపోలేదు. మిగతా ఇల్లంతా ఈమధ్యే బాగుచేయించి వంటగది ఒక్కటే వెనకబడి ఉంటే అది కంట్లో నలుసులా కనపడుతుంది. అసలు వండుకోవడానికే పనికిరాని స్థితిలో ఉంటే, అంటే వైరింగ్ కాలిన గుర్తులు, ఎర్తింగ్ లేని ప్లగ్గులు, వాడకుండా వదిలేసిన గ్యాస్ లైను, ఇలాంటివి ఉంటే అందం మాట అటుంచి ముందు వాటి సంగతి చూడాలి. అప్పు తీసుకుని కొనేవాళ్ల తరఫున వచ్చి ఇల్లు పరీక్షించే మనిషి వీటినే మొదట రాస్తాడు, అక్కడ బేరం తెగిపోతే మళ్లీ మొదటికొస్తుంది.

వంటగది అమరిక మార్చాలనే ఆలోచన మాత్రం అమ్మేముందు పెట్టుకోకపోవడమే మేలు. ఫ్రిజ్, సింక్, పొయ్యి ఈ మూడింటినీ కలిపితే ఏర్పడే త్రిభుజంలో ఒక్కో భుజం 1.2 నుంచి 2.7 మీటర్లు, మూడూ కలిపి 4 నుంచి 8 మీటర్ల లోపు ఉంటే పనికి వీలుగా ఉంటుందని డిజైనర్లు పాటించే పాత కొలత ఒకటుంది. ఆ లెక్కన మీ వంటగది తప్పినా, సింక్‌ని ఒక గోడ నుంచి ఇంకో గోడకి మార్చడమంటే నీటి పైపు, మురుగు పైపు, దానికి కావాల్సిన వాలు, నేల పగలగొట్టడం, అన్నీ వస్తాయి. పాత ఇంట్లో ఒక గోడ విప్పితే లోపల ఏం బయటపడుతుందో ఎవరూ ముందు చెప్పలేరు. కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిన కథలు మేస్త్రీలని అడిగితే రోజుకొకటి చెబుతారు.

కాలం కూడా ఖర్చే, దీన్ని లెక్కలో రాయడం మరిచిపోతారు. పూర్తి పని ఆరు వారాలన్నారంటే పది అనుకోవాలి, ఇది కాస్త వెటకారమే కానీ పెద్ద అబద్ధమేం కాదు. ఆ పది వారాలూ ఇంటి అప్పు వడ్డీ, పన్ను, నిర్వహణ ఖర్చు నడుస్తూనే ఉంటాయి. మంచి సీజన్ దాటిపోవచ్చు. సగం పీకిన వంటగదితో ఇల్లు చూపిస్తే అన్నిటికంటే తక్కువ ధర పలుకుతుంది, కాబట్టి ఒకసారి సుత్తి పడ్డాక వెనక్కి రావడానికి దారి ఉండదు. అమ్మే తొందర ఉన్నవాళ్లు ఈ ఒక్క కారణంతోనే పెద్ద పని ఆలోచన మానుకోవచ్చు.

ఇళ్లకి గిరాకీ బాగా ఉండి, పెట్టిన వారంలోనే నలుగురు పోటీ పడుతుంటే నీళ్లూ కరెంటూ సరిచూసి, శుభ్రం చేసి పెట్టేస్తే చాలు. కొనేవాళ్లు ఇల్లు కూలగొట్టి కట్టుకునే రకమైతే అదీ అక్కర్లేదు. గిరాకీ మందంగా ఉన్నప్పుడే చిన్న పనులకి విలువ, ఎందుకంటే అప్పుడు కొనేవాళ్ల ముందు పది ఇళ్లుంటాయి, ఏదో ఒక వంక దొరికితే జాబితాలోంచి కొట్టేయడానికి చూస్తుంటారు.

మధ్యేమార్గం ఇంకొకటి ఉంది, ఎందుకో ఎక్కువమంది వాడరు. వంటగది మార్చకుండా, మార్చడానికి ఎంతవుతుందో ఇద్దరు కాంట్రాక్టర్ల దగ్గర కొటేషన్ రాయించుకోవడం. చూడటానికి వచ్చినవాళ్లు ‘వంటగది మొత్తం మార్చాలి’ అనగానే ఆ కాగితం ముందు పెట్టొచ్చు. కాగితం లేకపోతే వాళ్ల నోట వచ్చే అంకె ఏదైతే అదే బేరానికి మొదలవుతుంది. మొదట వినపడ్డ అంకె మనిషిని ఎంత లాగుతుందో 1987లో గ్రెగరీ నార్త్‌క్రాఫ్ట్, మార్గరెట్ నీల్ అనే పరిశోధకులు ఒక ప్రయోగంలో చూపించారు. ఒకే ఇంటిని చూపించి, అడుగుతున్న ధర మాత్రం ఒక్కొక్కరికీ ఒక్కోలా చెబితే, ఇళ్ల వ్యాపారంలో పండిపోయిన ఏజెంట్లు వేసిన విలువలు కూడా ఆ ధర వెంటే జరిగాయి. పైగా వాళ్లలో చాలామంది తమ అంచనాకి కారణాలు చెప్పినప్పుడు ఆ ధర ఊసే ఎత్తలేదు. ఏజెంట్ల గతే అలా ఉంటే ఒక ఆదివారం ఇల్లు చూడటానికి వచ్చినవాళ్ల సంగతేంటి? కాబట్టి మొదటి అంకె మీ దగ్గర నుంచి రావాలి, అది కాగితం మీద, ఇంకొకరి సంతకంతో ఉండాలి. అందులో కొంత ధరలో తగ్గిస్తానంటే వాళ్లు తమకి నచ్చిన రంగులో చేయించుకుంటారు, మీకు దుమ్మూ తప్పుతుంది, పది వారాలూ మిగులుతాయి.

ఏజెంటు సలహా అడిగేటప్పుడు ‘కిచెన్ మార్చమంటారా’ అని అడిగితే మార్చమనే అంటారు, కొత్త వంటగది ఉన్న ఇల్లు చూపించడం వాళ్లకి తేలిక, ఖర్చు వాళ్లది కాదు. ‘ఇప్పుడున్నట్టే పెడితే ఎంతకి పోతుంది, ఇంత ఖర్చుపెడితే ఎంతకి పోతుంది’ అని రెండు అంకెలు రాసిమ్మంటే మాట మారుతుంది. రెండిటికీ తేడా ఖర్చు కంటే తక్కువుంటే ఇక చర్చ అక్కర్లేదు.

బాగుచేయించిన పనుల బిల్లులు, కొత్త కొళాయి వారంటీ కార్డు, ప్లంబరు ఏ రోజు ఏం మార్చాడో రాసిన చీటీ ఒక కవర్లో పెట్టి గట్టు మీద ఉంచండి. సింక్ కింద తలుపు తీసి చూసినవాళ్లకి అక్కడ పొడిగా ఉన్న కొత్త ప్లైవుడ్ కనిపిస్తుంది, ‘ఇది ఎప్పుడు మార్చారు?’ అని అడుగుతారు. తేదీ చూసి చెప్పొచ్చు.